దగ్గరంటే ఎనభై ఆరు సెంటీమీటర్లు

తప్పు నాదే. ఆ పొద్దు నేను చెయ్యెత్తి ఒక్క మాట అడక్కుండా ఉండుంటే, మా ఊళ్ళో దగ్గరా దూరమూ వాటి పాటికవి ఎప్పటిలాగే ఉండేవి. ఎవరి జోలికీ పోయేవి కావు.

మాది పూలకుంట. ఊరి చుట్టూ కవర్ షెడ్లు. కంపెనీవాళ్ళు పాలీహౌస్ అంటారు, మేం కవర్ షెడ్లనే అంటాం. లోపలంతా గులాబీలు. మొగ్గ విచ్చకముందే కోసి, కట్టలు కట్టి, అట్టపెట్టెల్లో పెడితే విమానమెక్కి డచ్చి దేశానికి పోతాయి. నేను కోతలో ఉన్నాను. నాలుగేళ్ళుగా కోస్తున్నాను గానీ, నన్ను ఏ భాషలో కోస్తున్నావని ఇంతవరకూ ఏ పువ్వూ అడగలేదు.

పరభాషా నైపుణ్య మండలికి మాత్రం ఆ అనుమానం వచ్చింది. పూలు డచ్చి దేశానికి పోతుంటే, కోసేవాళ్ళకు డచ్చి భాష రాకపోవడం 'అంతర్జాతీయ స్థాయి లోపము' అని కనిపెట్టారు. కోతలో ఉన్న ఆడవాళ్ళంతా మూడు నెలలు శిక్షణకు వచ్చి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, లేకపోతే షెడ్డు గేటు తీయరు అన్నారు. షెడ్లలో డచ్చివాడు ఒక్కడూ లేడు. మా సూపర్‌వైజర్‌ది పక్క మండలం. ఆయనకు తెలుగే సగం వస్తుంది, మిగతా సగం అరుపులు.

శిక్షణ పెట్టింది బస్సెక్కి పోవాల్సిన పక్క ఊళ్ళో, పాత కళ్యాణ మండపంలో. ఒక కొసన మా క్లాసు. రెండో కొసన చాపలు పరిచి, చీరలతో ఉయ్యాలలు కట్టి పిల్లల కేంద్రం. పిల్లల్ని చూసుకోకపోతే ఒక్కతీ రాదని మండలికి ఎవరో చెప్పినట్టుంది. ఆ పిల్లల వెనక గోడకు ఒక తలుపు. తలుపు మీద ఇప్పటికీ 'వధువు గది' అని బోర్డు. అదే ఆఫీసు.

పిల్లల్ని చూసుకునేది సాలమ్మక్క. అయిదుగురిని కని, ముగ్గురు మనవళ్ళని పెంచిన మనిషి. నోరు కొంచెం ఎక్కువ. చేతులు అంతకన్నా మంచివి.

నా కూతురు తన్విక. అప్పటికి పదమూడు నెలలు. ఇంకా అడుగు వెయ్యలేదు. ఊళ్ళో అందరూ "ఇంకా నడవలేదా?" అని అడిగి పోతారు. జవాబు చెప్పేలోపలే వాళ్ళ పిల్లలు ఎన్నో నెలలో నడిచారో చెప్తారు. సబ్‌సెంటర్ నర్సమ్మ "ఏడాదిన్నర దాకా చూడొచ్చు, ఏం భయం లేదు" అంది. భయం లేదని ఎవరన్నా అంటేనే నాకు భయం. బిడ్డ నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటాను. మా అత్త మేకలెంబడి పోతుంది, మా ఆయన టమోటా లారీతో పోతాడు. కాబట్టి నేనెక్కడో బిడ్డ అక్కడ. తొమ్మిదో తరగతితో ఆగిన నా చదువు ఇన్నాళ్ళకు మళ్ళీ మొదలైతే, నేను పలక చూసిందానికన్నా హాలు అవతలి కొసన ఆ నీలం చీర ఉయ్యాల చూసిందే ఎక్కువ.

మాకు పాఠం చెప్పేది పరాంకుశం సారు. సంయోజకులు అనాలి. మాకన్నా పదకొండు రోజుల ముందు ఆయన డచ్చి నేర్చుకున్నారు. పుస్తకంలో ఇరవై నాలుగు పాఠాలు. మొదటి పాఠం 'ఇది, అది'. ఒక పాఠం నూటికి నూరు పాళ్ళు పూర్తయితే గానీ రెండో పాఠం తెరవకూడదని మండలి నియమం.

"డచ్చి భాషలో వస్తువులన్నీ రెండు జాతులు," అన్నారు సారు. "మొదటి జాతి వస్తువు దగ్గరుంటే డేజ, దూరముంటే డీ. రెండో జాతిది దగ్గరుంటే డిట్, దూరముంటే డట్. గులాబీ మొదటి జాతి. కత్తి రెండో జాతి. బిడ్డ కూడా రెండో జాతే."

అవతలి కొసనుంచి సాలమ్మక్క గొంతెత్తింది. "ఏది ఏ జాతో ఎట్ల తెలుస్తుంది సారూ?"

"ఆ దేశంలో పుట్టుకతో తెలుస్తుందమ్మా."

"అట్లనా. ఈ దేశంలో కూడా అంతే సారూ."

సారు దగ్గి, బోర్డు తుడిచారు.

అప్పుడే తన్విక ఏడ్చింది. నేను అటు చూశాను. ఉయ్యాల్లోంచి చిన్న చెయ్యి బయటికొచ్చి గాలిలో తడుముతోంది. లేచిపోతే హాజరు పోతుంది. లేవకపోతే నా ప్రాణం పోతుంది. అప్పుడే నేను చెయ్యెత్తి ఆ మాట అడిగాను.

"సార్, దగ్గరంటే ఎంత?"

సారు నోరు తెరిచారు. పుస్తకం తిరగేశారు. మళ్ళీ మొదట్నుంచి తిరగేశారు. పుస్తకంలో దగ్గరకొక మేజా, మేజా మీదొక పువ్వు, దూరానికొక కొండ బొమ్మ వేసి ఉన్నాయి. మేజాకూ కొండకూ మధ్య ఎక్కడ దగ్గర అయిపోయి దూరం మొదలవుతుందో రాయలేదు.

"మంచి సందేహం," అన్నారాయన. చెమట తుడుచుకుంటూ. "పైకి రాస్తాను."

*

మూడు వారాలకు పైనుంచి జవాబు వచ్చింది. అన్ని రోజులూ మేము అదే పాఠం చదివాం.

'దగ్గర అను పదమునకు ఏకరూప నిర్వచనము లేకపోవుట వలన క్షేత్రస్థాయిలో ఏర్పడుచున్న అయోమయమును నివారించు నిమిత్తము ఏడుగురు సభ్యులతో సంఘము నియమించడమైనది. సదరు సంఘము మూడు పర్యాయములు సమావేశమై, దగ్గర అనగా ఎనభై ఆరు సెంటీమీటర్లు అని ఏకగ్రీవముగా తీర్మానించినది. అంతకు మించినది దూరముగా పరిగణించవలెను.'

ఎనభై ఆరే ఎందుకో అనుబంధంలో ఉందని పరాంకుశం సారు చదివి వినిపించారు. అధ్యక్షులవారు కుర్చీలోంచి లేవకుండా చెయ్యి చాపితే బిస్కట్ల ప్లేటు అందిందట. ఆ ప్లేటు ఎనభై ఆరులో ఉంది. ఇంకొంచెం అవతలున్న జీడిపప్పు ప్లేటుకు ఆయన లేవాల్సి వచ్చింది. లేవకుండా అందినది దగ్గర. లేచి అందుకోవాల్సింది దూరం.

"బాగానే ఉంది కదమ్మే," అంది సాలమ్మక్క నాతో. "జీడిపప్పు పెట్టినోడు ఇంకొంచెం ఇటు జరిపి పెట్టుంటే దగ్గరనేది ఇంకా పెద్దదయ్యుండేది."

ఈ జవాబుతోపాటు ఒక మనిషి కూడా వచ్చారు. భక్తవత్సలం సారు. దూర నిర్ధారణాధికారి. సన్నగా, పొడుగ్గా ఉంటారు. నడుముకు ఎప్పుడూ కొలత టేపు వేలాడుతుంటుంది. వచ్చీరాగానే వధువు గదిలో కూర్చుని, అద్దంలో తల దువ్వుకుని, హాల్లోకొచ్చి మమ్మల్ని కొలిచారు.

మొదటి రోజే చిక్కు వచ్చింది. మేము ముప్పై మందిమి, ఆరు వరసల్లో కూర్చున్నాం. ముందు వరసకు బోర్డు దగ్గర. వెనక వరసలకు ముందున్నవాళ్ళ జడలు తప్ప ఏదీ దగ్గర కాదు. "ఒకే వస్తువు ఒకరికి దగ్గర, ఇంకొకరికి దూరం అయితే పరిపాలన ఎట్లా జరుగుతుంది?" అన్నారు భక్తవత్సలం సారు. అందర్నీ ఒకే వరసలో, పెళ్ళి పంక్తిలాగా, గోడకు ఆనించి కూర్చోబెట్టారు. ఆకు వేస్తారేమోనని చూశాను. వెయ్యలేదు.

మా ముందు ఎనభై ఆరు సెంటీమీటర్ల దగ్గర, హాలుకు అడ్డంగా, ఒక గీత ఉండాలన్నారు. గీతకు ఇవతలివన్నీ దగ్గర. అవతలివన్నీ దూరం. రంగుతో వేస్తామంటే మండపం ఓనరు ఒప్పుకోలేదు, వైశాఖంలో ముహూర్తాలున్నాయి, నేల పాడవుతుందన్నాడు.

"ముగ్గుతో వేయించండి," అన్నారు భక్తవత్సలం సారు. "ఈ సందేహం లేవనెత్తిన అభ్యర్థిని ఎవరు?"

అందరూ నన్ను చూపించారు. వేళ్ళతో. భాష అవసరం పడలేదు.

"పేరు?"

"మునీశ్వరి సార్."

"మునీశ్వరి, రోజూ క్లాసు మొదలయ్యేలోపల మీరే గీత గీయవలెను."

సరేనన్నాను. నాకు అదొక్కటీ వచ్చు. కానీ రెండు సంగతులు ఆయనకు చెప్పలేదు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

మొదటిది, అంగట్లో దొరికే రాతి ముగ్గు వాడలేదు. ఆ గీత అవతల చిన్న పిల్లలున్నారు. పిల్లలు నేల మీద దేన్ని చూసినా నోట్లో పెట్టుకుంటారు. రాతి పొడి కడుపులో పడితే? అందుకని ఇంటినుంచి బియ్యప్పిండి తెచ్చాను.

రెండోది, నేను ఒక గీత గీయలేదు. రెండు గీశాను. ఒంటి గీత అశుభం. చావు జరిగిన ఇంటి ముందే ఒంటి గీత గీస్తారని మా అమ్మమ్మ నా వేళ్ళు పట్టుకుని నేర్పించింది. పిల్లలున్న చోట, అందులో నా బిడ్డ ఉన్న చోట, నా చేత్తో నేను ఒంటి గీత గీస్తానా? జానెడున్నర ఎడంగా, పక్కపక్కనే రెండు గీశాను.

భక్తవత్సలం సారు వచ్చి టేపు పరిచారు. మొదటి గీతకు ఎనభై ఆరు వచ్చింది. తలూపి, సంతకం పెట్టి వెళ్ళిపోయారు. ఎనభై ఆరు తర్వాత ఏముందో చూడమని ఆయనకు ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు.

*

ఆ గీత వచ్చినప్పట్నుంచి చదువు బాగా సాగింది. కుండ అవతలుంది కాబట్టి నీళ్ళు కావాలంటే దూరపు మాట అనాలి. చెంబు చేతికొచ్చాక దగ్గరి మాట అనాలి. తాగేటప్పుడు మాట్లాడకూడదు. ఎవరైనా బలపం జారవిడిస్తే అది దొర్లి ఏ పక్క ఆగిందో చూసి, పేరు మార్చి పిలిచి, అప్పుడు తీసుకోవాలి.

మధ్యాహ్నానికి గీత సన్నబడడం మొదలైంది. భక్తవత్సలం సారు వంగి చూశారు.

"గీత పొద్దున్నట్టు లేదే?"

"చీమలు సార్," అన్నాను. "పిండి మోసుకుపోతాయి."

"ఎవరి అనుమతితో?"

నేను చీమల వైపు చూశాను. అవి చెప్పలేదు. మర్నాటినుంచి మధ్యాహ్నం భోజనాలయ్యాక 'మలి గీత' గీయాలని నాకు మెమో ఇచ్చారు. దానికి కిందనే, 'చీమల విషయము విడిగా పరిశీలించబడును' అని రాశారు.

ఇంకో గొడవ కూడా అయింది. ఒకరోజు భక్తవత్సలం సారు పిల్లల పక్కనుంచి నడిచి వస్తుంటే, పరాంకుశం సారు ఉత్సాహంగా "ఆ అధికారిని చూపించి చెప్పండి!" అన్నారు. ముప్పై మందిమీ వేళ్ళు చాపి, "డీ!" అని ఒక్క గొంతుతో అన్నాం. దూరం. తప్పేం లేదు, ఆయన గీత అవతలే ఉన్నారు.

భక్తవత్సలం సారు మొహం చిన్నబోయింది. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో తననెవరూ అట్లా అనలేదట. నాలుగు రోజుల్లో పైనుంచి సవరణ వచ్చింది. 'అధికారులు భౌతికముగా ఎంత దూరమున్నను ప్రజలకు సదా దగ్గరగనే యుందురు. కావున అధికారులను ఎట్టి పరిస్థితులలోను దూర పదముతో సూచించరాదు. అధికారులు సైతము దూర ప్రదేశమున ఆసీనులగుట ఉచితము కాదు.'

"అయితే ఆ గది?" అని పరాంకుశం సారు వధువు గది వైపు చూశారు.

"గది గోడ వెనక ఉంది. గోడ వెనకది ఈ హాలు లెక్కలోకి రాదు," అన్నారు భక్తవత్సలం సారు, తలుపు తీసుకుని లోపలికి పోతూ.

*

పిల్లల రిజిస్టరు మీద తనిఖీ అయిన రోజు నాకు బాగా గుర్తు. సోమవారం. తన్వికకు ముక్కు కారుతోంది.

పొద్దున బిడ్డను అప్పగించేటప్పుడు తల్లి చంకలోనే ఉంటుంది కాబట్టి 'డిట్ కింట్' అని రాయించేవాళ్ళం. ఈ బిడ్డ అని. సాయంత్రం మేము వరసలో నిలబడి పిలిచేటప్పుడు బిడ్డ గీత అవతల ఉంటుంది కాబట్టి 'డట్ కింట్' అనేవాళ్ళం. ఆ బిడ్డ అని. పాఠం ప్రకారం అంతా సవ్యమే. పైనుంచి వచ్చిన తనిఖీ కాగితంలో మాత్రం ఇట్లా ఉంది:

'ముప్పై మంది ఈ బిడ్డలు స్వీకరించబడి, ఒక్కరును తిరిగి ఇవ్వబడలేదు. ముప్పై మంది ఆ బిడ్డలు ఎన్నడును స్వీకరించబడకయే ఇవ్వబడినారు. ఇది మిక్కిలి తీవ్రమైన విషయము. నేటినుండి ఏ పదముతో స్వీకరించితిరో ఆ పదముతోనే తిరిగి ఇవ్వవలెను.'

కాగితం వచ్చేటప్పటికి సాయంత్రం నాలుగు. మా ఊరి బస్సు ఐదున్నరకు. అది పోతే మళ్ళీ పొద్దున్నే.

"అంటే ఏంది సారూ?" అంది సాలమ్మక్క.

భక్తవత్సలం సారు గొంతు సవరించుకున్నారు. "తల్లి, గీతకు ఇవతల ఉండి, 'ఈ బిడ్డ' అని అడగవలెను. 'ఈ' అనాలంటే బిడ్డ గీతకు ఇవతల ఉండాలి."

"అయితే నేనే ఎత్తుకొచ్చి ఇస్తా."

"తల్లి అడగందే బిడ్డను గీత దాటించరాదు."

"బిడ్డ దాటందే తల్లి అడగరాదు?"

"సరిగ్గా గ్రహించారు," అన్నారు సారు, మెచ్చుకోలుగా.

హాల్లో గోల లేచింది. ముప్పై మంది తల్లులు ఒకేసారి మాట్లాడితే ఏ భాషలో మాట్లాడినా ఒకటే. సారు భయపడి వధువు గదిలోకెళ్ళి ఫోను చేశారు. పావుగంటకు బయటికొచ్చి మినహాయింపు ప్రకటించారు. తనంతట తాను నడిచి గీత దాటి వచ్చిన బిడ్డకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. నడిచే బిడ్డకు నియమం వర్తించదు.

ఇంక చూడాలి. ఒకామె అరటిపండు చూపించింది. ఒకామె గాజులు గలగలలాడించింది. ఒకామె "రారా, మీ నాయన వచ్చినాడు" అని అబద్ధమాడింది. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు బుడిబుడి పరుగెత్తుకొచ్చారు. ఒకడు సగం దాకా వచ్చి, ఇటు రాకుండా అటు తిరిగి, వధువు గదిలో దూరి, ఆఫీసు స్టాంపు పట్టుకుని వచ్చాడు. వాడికీ మినహాయింపు ఇచ్చారు.

ఐదుంబావుకు హాలు ఖాళీ అయింది. అవతల ఒక్క బిడ్డ మిగిలింది.

నా బిడ్డ. చాప మీద కూర్చుని, తన కాలి వేలిని తానే పట్టుకుని చూసుకుంటోంది. ముక్కు కారుతోంది. ఎవరూ తుడవలేదు.

"సార్, నా బిడ్డకు ఇంకా నడక రాలేదు," అన్నాను.

"ఎన్ని నెలలు?"

"పద్నాలుగు."

"మా మనవడు పదో నెలలోనే నడిచాడు," అన్నారు భక్తవత్సలం సారు.

నాకు ఏడుపొచ్చింది. "నేనే అటు వచ్చి ఎత్తుకుంటాను సార్. ఒక్క నిమిషం."

"మీరు అటు పోతే మీరు కూడా దూరమవుతారమ్మా. దూరపు తల్లికి ఈ బిడ్డను ఎట్లా ఇస్తాం? రిజిస్టరులో మీరు దగ్గరి తల్లి."

"పోనీ నేను ఇక్కడ్నుంచే చెయ్యి చాపుతాను. అందితే ఇస్తారా?"

ఆయన టేపు తీసి నా చెయ్యి కొలిచారు. అరవై మూడు వచ్చింది. విచారంగా తల అడ్డంగా ఊపారు. అధ్యక్షులవారి చెయ్యి చాలా పొడవు.

సాలమ్మక్క బిడ్డను నిలబెట్టింది. చంకల కింద చేతులు పెట్టి, గీతకు రెండడుగుల అవతల దాకా తెచ్చి ఆపింది. అది కూడా తప్పేనేమో, సారు చూడనట్టు నటించారు. ఆ మాత్రం మంచితనం ఆయనకుంది.

"పిలువమ్మే," అంది సాలమ్మక్క. "నువ్వు పిలువు. నేను వదుల్తా."

"వద్దక్కా, పడిపోతుంది."

"పడనీ. పడితే నేల ఉంది."

నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. "తనూ," అన్నాను. "తనూ, రామ్మా. అమ్మ దగ్గరికి రా."

సాలమ్మక్క చేతులు తీసేసింది.

నా బిడ్డ ఊగింది. రెండు చేతులూ పైకెత్తింది. నన్ను చూసింది. ఒక అడుగు వేసింది.

ఇంకో అడుగు వేసింది.

పరాంకుశం సారు చేతిలో పుస్తకం కిందపడింది. భక్తవత్సలం సారు టేపు లాగడం కూడా మర్చిపోయి చూస్తున్నారు. మూడో అడుగుకు కాళ్ళు మడతపడి, నా బిడ్డ పిర్రల మీద మెత్తగా కూలబడింది.

సరిగ్గా రెండు గీతల మధ్య.

నాకు తెలియకుండానే లేచి, చేతులు చాపి ముందుకు పోబోయాను.

"ఆగండి!" అన్నారు భక్తవత్సలం సారు. "ఇదేంటి? ఇక్కడ ఇంకో గీత ఉందే?"

"ఉంది సార్. మొదట్నుంచీ ఉంది."

"రెండు గీతలా? ఎందుకు?"

"ఒంటి గీత అశుభం సార్. పిల్లలున్న చోట గీయకూడదు."

ఆయన బిడ్డకు ఇటు చూశారు, అటు చూశారు. "రెండో గీత దాటింది కాబట్టి దూరం కాదు. మొదటి గీత దాటలేదు కాబట్టి దగ్గరా కాదు. మరి ఇప్పుడు ఈ... ఆ..." అని ఆగిపోయారు. ఈ అంటే తప్పు. ఆ అంటే తప్పు. ఇరవై ఆరేళ్ళ సర్వీసు మనిషి, నోట్లో మాట లేక నిలబడిపోయారు.

పరాంకుశం సారు నేలమీది పుస్తకం తీసి తిరగేశారు. "సార్, దగ్గరకుంది, దూరానికుంది. నడుమ దానికి డచ్చిలో మాట లేదు."

"సరిగా చూడండి!"

"ఇరవై నాలుగు పాఠాలూ చూశాను సార్!"

"రెండో పాఠం తెరవడానికి మీకు ఎవరు అనుమతిచ్చారు?"

భక్తవత్సలం సారు ఫోను తీసి పై ఆఫీసుకు చేశారు. "సార్, ఒక బిడ్డ నడుమ పడింది సార్... కాదు సార్, బావిలో కాదు... అవును సార్, జీవించే ఉంది... లేదు సార్, దగ్గరా కాదు, దూరమూ కాదు... ఒక నిమిషం సార్, కొలిచి చెప్తాను." టేపు పరిచారు. తన్విక టేపు అంచు పట్టుకుని లాగింది. ఆయన ఇటు లాగారు. అది అటు లాగింది.

బయట ఐదున్నర బస్సు హారను కొట్టింది.

ఆ హారనుకు నా బిడ్డ ఉలిక్కిపడి టేపు వదిలేసింది. కింద తెల్లగా కనిపించిన పిండిలో అరచెయ్యి వేసింది. నోట్లో పెట్టుకుంది. బాగుంది కాబోలు, రెండు చేతులూ వేసింది. ఈ గీత మీద ఒక చెయ్యి, ఆ గీత మీద ఒక చెయ్యి. నవ్వుతూ బరబరా తుడిచేసింది. ఇటు తిరిగి కొంత, అటు తిరిగి కొంత. మిగిలింది చీమలు అప్పటికే తీసుకుపోయాయి.

నేల నల్లగా, ఒక్కటిగా ఉంది.

అందరం చూశాం. నేను రెండడుగులు వేసి నా బిడ్డను ఎత్తుకున్నాను. పమిట కొంగుతో ముక్కు తుడిచాను. ఏ మాటతో ఎత్తుకున్నానని ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పలేకపోయేదాన్ని. నడిచింది కదా అని ఏడుస్తున్నాను.

సాలమ్మక్క బయటికి పరుగెత్తి బస్సుకు అడ్డంగా నిలబడింది. "ఆపుకో నాయనా! బిడ్డ నడిచొస్తా ఉండాది!"

*

మర్నాటినుంచి వారం రోజులు విచారణ. నాకు మూడు మెమోలు వచ్చాయి. ఒక గీత గీయమంటే రెండు గీసినందుకు ఒకటి. ప్రభుత్వ సరిహద్దును తినదగిన పదార్థముతో నిర్మించినందుకు ఒకటి. మూడోది తన్విక పేరు మీద వచ్చింది, సరిహద్దును భక్షించినందుకు. బిడ్డ వేలిముద్ర వేయించొచ్చా, సంరక్షకురాలిగా నా సంతకమే కావాలా అని అడిగితే, దానికి పైకి రాశారు.

ఆఖరికి మండలి పెద్ద ఉత్తర్వు వచ్చింది. పరాంకుశం సారు నిలబడి చదివారు.

'విచారణలో తేలిన ప్రకారము, దగ్గరకును దూరమునకును నడుమ జానెడున్నర ప్రదేశము గలదనియు, సదరు ప్రదేశమునకు డచ్చి భాషలో పదము లేదనియు స్పష్టమైనది. ఈ లోపమును మొట్టమొదట గుర్తించిన ఘనత ఈ మండలికే దక్కును. లోపమును సవరించుకొనవలసినదిగా డచ్చి దేశమునకు లేఖ వ్రాయడమైనది. వారి ప్రత్యుత్తరము వచ్చువరకు ఎనభై ఆరు సెంటీమీటర్ల కొలతను నిలుపుదల చేయడమైనది. అయితే హాలునందు గీత యథావిధిగా ప్రతిదినము ఉండవలెను. గీత ఒక్కటియే యుండవలెను. తిన్నగా యుండవలెను. రాతి ముగ్గుతో యుండవలెను. సవరణలన్నియు యథాతథముగా అమలులో ఉండును.'

"కొలత లేకపోతే గీత యాడ గీయాల సారూ?" అంది సాలమ్మక్క.

పరాంకుశం సారు కాగితం వెనక్కి తిప్పి చూశారు. "అది రాయలేదు."

నాకు ఆ మాట చాలు.

మర్నాడు పొద్దున అందరికన్నా ముందు పోయాను. రాతి ముగ్గు తీసుకుపోయాను. ఒక్కటే గీశాను. దారం పట్టి, చాలా తిన్నగా గీశాను. హాలు నడుమ కాదు. వెనక గోడకు, వధువు గది తలుపుకు ముందు, గడపను ఒరుసుకుని. ఒంటి గీత అశుభమే. కానీ ఆ గడప అవతల పిల్లలెవరూ లేరు కదా.

పది గంటలకు భక్తవత్సలం సారు తలుపు తీసి బయటికి కాలు పెట్టబోయి ఆగారు.

"ఏంటమ్మా ఇది?"

"గీత సార్. ఒకటే. తిన్నగా. రాతి ముగ్గు."

ఆయన ఉత్తర్వు తెప్పించి చదువుకున్నారు. రెండుసార్లు చదువుకున్నారు. టేపు మీద చెయ్యి వేశారు గానీ తీయలేదు. కొలవడానికి ఏమీ మిగల్లేదు. హాలంతా, ఉయ్యాలలతో సహా, చీమలతో సహా, దగ్గర అయిపోయింది. మండపం మొత్తం మీద దూరంగా మిగిలింది ఒక్క ఆయన గదే.

"ఇదివరకు గోడ వెనకది లెక్కలోకి రాదన్నారు కదా సార్," అన్నాను చేతులు కట్టుకుని. "ఇప్పుడు గీతే గోడ దగ్గరుంది. అవతలుంటే మిమ్మల్ని మేము ఏమని పిలవాలో భయమేస్తోంది సార్."

ముప్పై మందీ వేళ్ళు సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నారు.

"సవరణలు అమల్లోనే ఉన్నాయి సార్," అన్నారు పరాంకుశం సారు నెమ్మదిగా. "దూర ప్రదేశమున ఆసీనులగుట..."

"నాకు తెలుసు," అన్నారు భక్తవత్సలం సారు.

ముందు కుర్చీ వచ్చింది. తర్వాత మేజా. తర్వాత ఫైళ్ళు. ఖాళీ ఉన్నది ఉయ్యాలల మధ్యనే. నీలం చీర ఉయ్యాల పక్కన ఆయన ఒద్దికగా కూర్చుని ఫైలు తెరిచారు. సాలమ్మక్క ఆయన ఒళ్ళో ఒక గిలక్కాయ పెట్టి, "ఏడిస్తే ఆడించండి సారూ" అని చెప్పి నీళ్ళకు పోయింది.

నేను వరసలో నా చోట కూర్చుని అటే చూస్తున్నాను. నీలం చీరలోంచి చిన్న చెయ్యి బయటికొచ్చింది. గాలిలో తడిమింది. సారు నడుముకు వేలాడే టేపు కొస దొరికింది. గట్టిగా పట్టుకుంది.

లేవకుండానే అందింది.